నలభై ఒకటి ఎవరిది

నేను ఒక రైలింజనుకు చెల్లెలినని చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మించింది నాయన. కరెంటు రైలింజన్లు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీలో ఆయన మోటార్లకు రాగి చుట్టే పని చేసేవాడు. నేను పుట్టిన రోజే ఒక ఇంజను మోటారుకు ఆఖరి కట్టు కట్టాడట. ఆ ఇంజను నంబరు చివర నలభై ఒకటి. ముందు ఇంకా మూడంకెలు ఉన్నాయి గానీ మా ఇంట్లో వాటిని ఎవరూ పలకరు. నలభై ఒకటి అంటే చాలు.

అమ్మకు మాత్రం అది సవతి. "నేను ఆసుపత్రిలో నొప్పులు పడతాంటే, మీ నాయన సవతి కాడ ఉండె. తెల్లారి వచ్చి బిడ్డ మొకం సూసినాడు" అని ఎవరింట్లో పురుడు జరిగినా ఒకసారి అనేది. నాయన ఆ మాట వినగానే తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. పని మీద అంత ప్రేమ ఉన్న మనిషి అంతే కదా అనుకునేదాన్ని.

ఆ ఫ్యాక్టరీ దేశానికి తూర్పు మూలన ఉంది. తిరుపతి నుంచి రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు ప్రయాణం. నేను అక్కడి కాలనీలోనే పుట్టాను. ఆరో తరగతికి వచ్చేసరికి నాకు తెలుగు రాకుండా పోతుందని అమ్మ నన్ను తీసుకుని తిరుపతికి వచ్చేసింది. తిరుచానూరు పోయే దారిలో, రైలు పట్టాలకు దగ్గరలో ఇల్లు. నాయన అక్కడే క్వార్టర్సులో ఉండిపోయి ఏడాదికొకసారి సెలవు మీద వచ్చేవాడు. తిరిగి పోయేటప్పుడు స్టేషన్లో నా తల మీద చెయ్యి పెట్టి, "నలభై ఒకటి అగుపడితే నేను వచ్చినట్టే అనుకో మ్మా" అనేవాడు.

నేను మిద్దెక్కి చూసేదాన్ని, కనిపిస్తే చేతులు ఊపేదాన్ని. ఆ వయసులోనే డైరీ మొదలుపెట్టాను. అప్పటి పేజీలు ఇప్పుడు తిరగేస్తే సగానికి సగం ఒకటే మాట ఉంటుంది: "ఈ రోజు అక్క రాలేదు." ఏడాది మొత్తానికి రెండు మూడు సార్లు కనిపిస్తే ఎక్కువ. కనిపించిన రోజు ఆ మాట కింద రెండు గీతలు. అటు పోయిందా, ఇటు వచ్చిందా, వెనక గూడ్సు పెట్టెలా, మనుషుల పెట్టెలా, అన్నీ రాసేదాన్ని. స్కూల్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను ఏదీ ఎవరికీ చెప్పే మనిషిని కాదు.

ఆరేళ్ళ కిందట నాయన రిటైరై వచ్చేశాడు. నేను చదువు ముగించి ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో చేరాను. మొన్న వేసవిలో నాయన ఫోనుకు పాత వర్కర్ల గుంపులో ఒక కబురు వచ్చింది. ఫ్యాక్టరీ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. రిటైరైన వాళ్ళు తమ పని గురించి రెండు పేజీలు, ఒక ఫోటో పంపవచ్చు. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ రాయాలి. నాయనకు హిందీ మాట్లాడడం బాగా వచ్చు, రాయడం రాదు. ఆ పని నా మీద పడింది.

కబురుతో పాటు, పుస్తకంలో ఏమేం ఉంటుందో చెప్పే నాలుగు పేజీల కాగితం కూడా పంపారు. మొదట అక్కడంతా ఎర్రమట్టి దిబ్బలు, చిన్న చిన్న పల్లెలు. స్వతంత్రం వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీ కట్టారు. మొదట బొగ్గు ఇంజన్లు చేశారు, తరువాత కరెంటు ఇంజన్లకు మారారు. ఏ ఇంజనును ఏ పెద్దమనిషి రిబ్బను కత్తిరించి పంపాడో వరసగా ఉంది. నేను తెలుగులో చెప్పుకుంటూ పోతుంటే నాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"దీంట్లో వార్నిషు మాటే లేదే" అన్నాడు చివర్లో.

"వార్నిషా?"

"మేం చేరినప్పుడు రాగి చుట్టలకి పట్టించేది ఒక రకం వార్నిషు. కండ్లు మండేది, నోట్లో ఎప్పుడూ దాని చేదే. మళ్ళ దాన్ని తీసేసి వేరేది తెచ్చినారు. అది తెచ్చిన ఏడాది నుంచి మాకు అన్నం రుచి తెలిసింది. అది చరిత్ర కాదా?"

నాకు ఏం రాయాలో తోచలేదు. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో రాజులు మారేవాళ్ళు. నాయన చరిత్రలో రాగి కమ్మీల మీద చుట్టే టేపు మారుతుంది. వేళ్ళు కోసే టేపు పోయి మెత్తటి టేపు వస్తుంది. కొయ్య సుత్తి పోయి రబ్బరు సుత్తి వస్తుంది. చివరికి కొత్త రకం మోటార్లు వచ్చి, చేత్తో చుట్టే పనే తగ్గిపోతుంది. వీటిలో ఏది ముందో ఏది వెనకో ఆయనకే సరిగా గుర్తులేదు. ఒకసారి టేపు ముందు మారిందన్నాడు, ఇంకోసారి వార్నిషు అన్నాడు.

"ముందు ఏం రాయమంటావు నాయనా?"

"ఆఖరి కట్టు సంగతి రాయి."

"అది ఆఖర్న కదా వచ్చేది?"

"పనికి ఆఖరు. పేరుకు అదే మొదలు."

ఆయన చెప్పినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మోటారు లోపల తిరిగే భాగానికి సన్నటి కాలువల్లాంటి గాళ్ళు ఉంటాయి. ఆ గాళ్ళలో రాగి కమ్మీలు ఒక్కొక్కటే కూర్చి, సుత్తితో దించి, టేపు చుట్టి, చివరికి అంతా కదలకుండా బిగించి కడతారు. ఒక మనిషికి నాలుగైదు రోజుల పని. మధ్యలో ఎంతమంది చెయ్యి వేసినా, ఆఖరి కట్టు ఎవరు కడితే ఆ మోటారు వాళ్ళదని షాపులో, అంటే వాళ్ళు పనిచేసే షెడ్డులో లెక్క. మోటారుతో పాటు ఒక అట్ట కార్డు ఉంటుంది. కట్టిన మనిషి తన టోకెను నంబరు దాని మీద వేస్తాడు. ఆ మోటారు ఏ ఇంజనులోకి పోతుందో కూడా కార్డు మీద ఉంటుంది. టోకెను అంటే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. పొద్దున గేటు దగ్గర పలక మీద నుంచి తీసుకుని షాపులో పెట్టెలో వేస్తే ఆ రోజుకు హాజరు.

ఇదంతా రెండు పేజీల్లో రాశాను. నలభై ఒకటి గురించి నాయన చెప్పిన వాక్యాన్ని చెప్పినట్టే పెట్టాను: నా కూతురు పుట్టిన రోజున ఈ ఇంజను మోటారుకు ఆఖరి కట్టు కట్టాను. ఫోటో కూడా సిద్ధంగానే ఉంది. రెండేళ్ళ కిందట తిరుపతి స్టేషన్లో అది ఆగినప్పుడు నేనే ఫోనుతో తీశాను. నాయన దాని ముందర దండం పెడుతూ నిలబడి ఉంటాడు, తల పక్కన నంబరు కనిపిస్తుంది. పంపేశాను. నాయన ఆ సాయంత్రం వీధిలో అందరికీ చెప్పుకొచ్చాడు, పుస్తకంలో నలభై ఒకటి వస్తాదని.

పదిహేను రోజుల తరువాత ఒక కొత్త నంబరు నుంచి ఫోను. నేను కొత్త నంబర్లు ఎత్తను. నాలుగోసారి మోగితే, లైబ్రరీలో పాత పత్రికల బీరువాల వెనక్కి పోయి ఎత్తాను. పుస్తకం పని చూస్తున్న ఆయన. హిందీలో మర్యాదగా మాట్లాడాడు. ఒక చిక్కు వచ్చిందన్నాడు. అదే ఇంజను, అదే మోటారు, అదే రోజు. తానే ఆఖరి కట్టు కట్టానని ఇంకొకాయన కూడా రాశాడు. ఆయనదీ మీ వైపే, శ్రీకాళహస్తి. మేము పాత కార్డు తీయించి చూశాం, దాని మీద మీ నాన్నగారి టోకెను నంబరే ఉంది. కాబట్టి ఆయన మాట తీసేస్తున్నాం. వయసు మళ్ళినవాళ్ళు గొప్ప కోసం ఇలా రాస్తుంటారు, ఏమీ అనుకోకండి. సోమవారం అచ్చుకు పోతుంది.

శ్రీకాళహస్తి ఆయన అంటే ఎవరో నాకు వెంటనే తెలిసింది. మేము కాళాస్తి మామ అంటాం. నాయనా ఆయనా ఒకే ఏడాది చేరారు. షాపులో పక్కపక్క బల్లలు, టోకెన్లు కూడా వరస నంబర్లు. నేను సైకిలు నేర్చుకున్నది ఆయన సైకిలు మీద. అలాంటి మనిషి నాయన ఇంజనును తనదని ఎందుకు రాశాడు? నాయన గెలిచాడన్న సంతోషం ఒకవైపు, ఆ సంతోషానికి సిగ్గు ఒకవైపు. ఆ రోజు రెండు పుస్తకాలు తప్పు అరల్లో పెట్టి వచ్చాను.

ఇంటికి పోయి శుభవార్త లాగానే చెప్పాను. నాయన సంగటి తింటున్నాడు. పల్లెంలో చెయ్యి ఆగిపోయింది.

"వాడి మాట తీసేస్తారా?"

"కార్డు మీద నీ నంబరే ఉండాదంట నాయనా."

"ఉంటాది. ఉండకుండా యాడికి పోతాది" అన్నాడు. సంతోషం లేదు ఆ గొంతులో. "వాడు అబద్ధం రాసినాడని అనుకుంటాండారా వాళ్ళు?"

"గొప్ప కోసం రాస్తారు అన్నాడు ఆయన."

నాయన చెయ్యి కడుక్కున్నాడు. సగం ముద్ద పల్లెంలోనే ఉంది. "రేపు ఆదివారం గదా. కాళాస్తికి పోదాం. నువ్వూ రా."

అమ్మ వంటింట్లోంచి, "ఎందుకు, సవతిని వాటాలు పంచుకునేదానికా?" అంది. ఎప్పటిలాగే నాయన తువ్వాలు వెతుక్కున్నాడు.

పొద్దున్నే బస్సెక్కాం. స్వర్ణముఖి ఇసుక కనిపించినప్పుడు నాయన, "వాడు ఉంటాడో లేదో" అన్నాడు. ఫోను చేసి కనుక్కోవచ్చు కదా అని నాకు అనిపించింది. నేనూ అడగలేదు. మా ఇద్దరికీ ఈ జబ్బు ఒకటే.

కాళాస్తి మామ ఇంటి వెనక దొడ్లో ఉన్నాడు. ఆయన కోడలు కలంకారీ పని చేస్తుంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరేస్తారు, ఆ తరువాతే కలం పట్టేది. ముంచడం, పిండడం, మడతల్లేకుండా పరచడం మామ పని. మోకాళ్ళ దాకా పంచె ఎగగట్టి, తొట్టి మీద వంగి ఉన్నాడు. దొడ్డంతా విరిగిన పాల వాసన.

"ఏమప్పా, తిరుపతి పెద్దమనిషీ! దోవ తప్పి వచ్చినావా?" అన్నాడు నాయనను చూసి. నన్ను చూసి, "పాప కూడా వచ్చిందే! ఏం పాపా, ఇంగా నోరు రాలేదా నీకి?"

నేను నవ్వి ఊరుకున్నాను.

"నువ్వు ఆ పుస్తకానికి ఏం రాసినావురా?" అన్నాడు నాయన కూర్చోకుండానే.

మామ గుడ్డ పిండడం ఆపలేదు. "నా మనవరాలు రాసింది. నేను చెప్పినా. అన్నీ చెప్పినా, అదీ చెప్పినా. మన ఇద్దరి కాగితాలూ ఒకే బల్ల మీదకి పోతాయని ఎవురనుకున్నారు? అంత పెద్ద ఫ్యాక్టరీ, అంత మంది జనం. ఎవురు సదవతారులే అనుకున్నా."

"సదివినారు. నీది తీసేస్తారంట."

"తీసెయ్యనీ."

"నీది నిజం గదరా!"

"నిజమైతే ఏంది? కార్డు నీది. నేనే గదా ఏసినాను నీ నంబరు. ఇప్పుడు పోయి కాదంటే నవ్వతారు. నువ్వే పెట్టుకో అబ్బా, నీ కూతురు పుట్టిన నాటి ఇంజను. నాకు వేరేవి ఉండాయి."

"నాకొద్దు. నీది నువ్వు తీసుకో."

"నాకొద్దంటాంటే!"

పందికొక్కులు గింజ కోసం కొట్లాడడం విన్నాను గానీ, ఇద్దరు ముసలివాళ్ళు ఒక ఇంజనును ఒకరి మీదికి ఒకరు ఇలా తోసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాయన కట్టలేదా? మరి ఆ రోజు షాపులో ఏం చేశాడు? మామ నా మొహం చూసి ఉంటాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"పాపకి సెప్పలేదా నువ్వు?" అన్నాడు నాయనతో. నాయన తొట్టిలోకి చూస్తున్నాడు. "మీ నాయన ఆ పొద్దు పనికి రాలేదు పాపా. గంట కొట్టేదానికి రెండు నిమిషాలుండాది. పలక మీద నా బిళ్ళ పక్కనే వాడి బిళ్ళ ఏలాడతాండాది. వస్తాడులే, లేటయిందేమో అని రెండూ తీసి పెట్టెలో ఏసినా. వాడు రానే లేదు. బిళ్ళ పడినాక, ఆ నంబరు మీద ఏదో ఒక పని అగుపడాల గదా? వాడు మూడు దినాలు చుట్టిన మోటారు ఉండె బల్ల మీద. నా పని ముగించుకుని, దాని ఆఖరి కట్టు నేనే కట్టి, కార్డు మీద వాడి నంబరు ఏసినా."

"అప్పుడు తెలిసుంటే ఇద్దరినీ పీకేసుందురు" అన్నాడు నాయన, ఎవరితోనో అన్నట్టు.

"అందుకే గదా ఇన్నేండ్లు నోరు మూసుకున్నాం! నేనేమన్నా పాటలు పాడితినా?" అని మామ నవ్వాడు. "అయినా ఇంగొకటి చెప్తా విను. ఆ మోటారు ఇప్పుడు ఆ ఇంజన్లో ఉండాదో లేదో ఎవురికి తెలుసు? రిపేరుకు పోయినప్పుడంతా ఒక దాని మోటారు తీసి ఇంగొకదానికి ఎక్కిస్తారు. నంబరు పైన డబ్బాకే, మోటారుకి గాదు. ఇన్నేండ్లలో ఎన్ని ఇంజన్లు తిరిగిందో అది."

నాయన తల ఊపాడు. అంటే ఆయనకు అదీ తెలుసు. నేను మిద్దె మీద నిలబడి చేతులు ఊపిన రోజుల్లో అందులో నాయన చుట్టిన రాగి ఉందో లేదో తెలియదు. ఉన్నా ఆఖరి కట్టు నాయనది కాదు. మరి నేను చేతులు ఊపింది దేనికి? డైరీలో గీతలు గీసింది దేనికి? ఆ ప్రశ్న అప్పుడు నాకు ఎంత పెద్దదిగా అనిపించిందంటే, అసలు ప్రశ్న అడగడమే మరిచిపోయాను. పనికి పోకపోతే, ఆసుపత్రికీ రాకపోతే, ఆ రోజంతా నాయన ఎక్కడున్నాడు?

తిరుగు బస్సులో అడిగాను. నా గొంతు నాకే వినిపించనంత మెల్లగా అడిగాను. నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏర్పేడు దాటింది.

"ఆసుపత్రి కాడనే ఉండాను" అన్నాడు.

"అమ్మ నువ్వు రాలేదంటాది కదా?"

"లోపలికి పోలేదు. ఎదురుగ్గా సైకిళ్ళు పెట్టే రేకుల కొట్టం ఉండె గదా, ఆడ నిలబడినాను. పొద్దున మీయమ్మను దించి, డ్యూటీకి పోతాండా అని చెప్పి, ఫ్యాక్టరీ గేటు దాకా పోయినా. కాళ్ళు రాలేదు. ఎనిక్కి వచ్చేసినా."

నాకంటే ముందు అమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదని నాకు తెలుసు. అమ్మ ఎప్పుడో ఒకసారి చెప్పింది, మళ్ళీ మాట్లాడలేదు. నాయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఆ రోజు బస్సులోనూ ఆయన దాన్ని సూటిగా అనలేదు.

"ఆ రెండుసార్లూ నేను తలుపు కాడనే ఉండాను మ్మా. రెండుసార్లూ ఆ నర్సమ్మ బయటికొచ్చి నాకే చెప్పింది. తలుపు కాడ నేనుంటే గదా వాళ్ళు వచ్చి చెప్పేది? లేకపోతే ఎవురికి చెప్తారు?"

పుస్తకాల్లో ఇలాంటి చోట కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంటుంది. నేను టికెట్టును నాలుగు మడతలు పెట్టాను.

సాయంత్రం ఒక ఆయా బయటికి వచ్చి ఎవరితోనో చెబుతుంటే విన్నాడట, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని. లోపలికి పోదామనుకున్నాడు. అంతలో మామ డ్యూటీ దిగి సైకిలు మీద వచ్చి, బిళ్ళ వేసిన సంగతి చెప్పాడు. షాపులో ఉన్నట్టు హాజరు పడినాక, ఆసుపత్రి దగ్గర ఎవరైనా చూస్తే ఎలా అని భయం పట్టుకుంది. క్వార్టర్సుకు పోయి పడుకున్నాడు. తెల్లారి అమ్మ దగ్గరికి పోయి, ఇంజనును బయటికి పంపే పని ఉండింది, షాపులో నన్ను విడవలేదు అన్నాడు. అక్కడ మొదలైంది. తరువాత ఇంట్లో అదే నిజం. నేను పెరిగేకొద్దీ అదే కథ.

"మరి దానికి దండాలెందుకు పెడతావు?"

"తెలీదు మ్మా. మొదట అబద్ధం నిలబడాలని పెట్టినట్టుండాది. మళ్ళ అలవాటయిపోయింది. ఇప్పుడు దాన్ని చూస్తే నిజంగానే నేను కట్టినట్టే ఉంటాది."

ఇంటికి వచ్చాక అమ్మకు చెప్పాల్సింది ఎవరన్నది ఇంకో చిక్కు. నాయన నా వైపు చూశాడు. నేను నాయన వైపు చూశాను. చివరికి ఇద్దరం తలా ఒక ముక్క చెప్పాం. ఒకరు మొదలు, ఒకరు చివర, మధ్యలోది ఎవరమూ చెప్పలేదు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింది. అర్థం కాలేదేమో అనుకున్నాను. చేట పక్కన పెట్టింది.

"బయట నిలబడినావా? పొద్దున్నించి పొద్దుగూకేదాకా?"

"ఊ."

"నేను లోపల నీ పేరు తీసి తిడతాంటే, నువ్వు రోడ్డుకి ఆపక్క ఉండావా?"

"ఊ."

"ఇన్నేండ్లు నేను తిట్టింది ఎవుర్నయ్యా అయితే? వట్టి డబ్బాని తిట్టినానా?" అమ్మకు కోపమో నవ్వో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. లేచి వంటింట్లోకి పోయింది, ఏమీ తేకుండానే తిరిగి వచ్చింది. "అనాలంటే ఏమన్నా ఉండాలగదా! పనికి పోయినాడంటే తిట్టేదానికి ఉండాది. నిలబడినాడంటే ఏమని తిట్టేది?" అంది నాతో. మళ్ళీ నాయన వైపు తిరిగింది. "ఆ పొద్దంతా ఏం తిన్నావు?"

"బొరుగులు."

"బొరుగులా?"

"ఆడ అమ్మేవాడు ఒగడు ఉండె. ఆవనూనె కలిపి ఇచ్చినాడు. రొంత తిని పెట్టేసినా."

అమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఏరిన రాళ్ళు బియ్యంలోనే కలిసిపోయాయి, మళ్ళీ మొదటి నుంచి ఏరింది.

సోమవారం పొద్దున పుస్తకం ఆయనకు ఫోను చేయాలి. ఏం చెప్పాలన్నది ముందుగా కాగితం మీద హిందీలో రాసుకున్నాను. నాలుగుసార్లు కొట్టేసి రాశాను. ఆఖరి కట్టు కాళాస్తి ఆయనదే, ఆయన మాట ఉంచండి, మా నాన్న మాట తీసేయండి. అంతే రాశాను. కానీ కార్డు సంగతి అడుగుతాడు కదా? బిళ్ళ గురించి చెప్పాలా వద్దా? నాయన పక్కన నిలబడ్డాడు. ముందే కాళాస్తికి ఫోను చేసి మామను అడిగాడట.

"చెప్పమన్నాడు మ్మా. ఇంగ మమ్మల్ని తీసేస్తే మాత్రం యాడి నుంచి తీసేస్తారు? ఇద్దరమూ ఇంట్లోనే ఉండాం గదా" అన్నాడు. చెప్పి తానే నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు.

కాగితం చూసుకుంటూ చెప్పాను. బిళ్ళ దగ్గరికి వచ్చేసరికి కాగితం వదిలేసి నోటికి వచ్చినట్టు చెప్పాను. అవతల ఆయన అంతా విన్నాడు. తరువాత, మీ నాన్నగారు గొప్ప మనిషి, కానీ ఇది అచ్చులో వేయలేం కదమ్మా అన్నాడు. కార్డు ఒకరిది, చెయ్యి ఒకరిది అని ఫ్యాక్టరీ పుస్తకంలో ఎలా రాస్తాం? మీరు చెప్పాక కార్డును నమ్మి ఒకరిది వేయడమూ కుదరదు. ఏదో ఒకటి చేస్తాను అన్నాడు. మా మామ అబద్ధం రాయలేదని మాత్రం మీరు నమ్మండి అన్నాను. నమ్మాను అన్నాడు. ఆ మాట డైరీలో రాసుకున్నాను, మళ్ళీ నాకు అనుమానం వస్తుందని.

పుస్తకం వచ్చింది. లావుగా, మెరిసే కాగితాలతో ఉంది. వెనక పేజీల్లో కాళాస్తి మామ గురించి నాలుగు వరసలు, నాయన గురించి ఐదు వరసలు. నలభై ఒకటి ఇద్దరిలోనూ లేదు. నాయన దండం పెడుతున్న ఫోటో కూడా లేదు. వార్నిషు మారాక అన్నం రుచి తెలిసిందన్న మాట మాత్రం, నేను పంపినది పంపినట్టే అచ్చయింది. మామ ఫోను చేసి, "సూసినావా అప్పా, నీకి ఒక వరస ఎక్కువేసినారు!" అన్నాడు. నాయన నవ్వాడు. ఫోను పెట్టేశాక పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు, ఎక్కడైనా ఆ నంబరు తన కంటికి ఆనలేదేమోనని. తప్పు ఎవరిదో, మంచి ఎవరిదో తేల్చుకుందామని ఆ రోజు డైరీలో రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో రాసినదాన్ని రెండో పేజీ కాదంటుంది. రెండూ చింపలేదు.

పోయిన వారం సాయంత్రం మిద్దె మీద వడియాలు తీస్తున్నాం. తిరుచానూరు వైపు నుంచి కూత వినిపించింది. గూడ్సు. నాయన అలవాటుగా పిట్టగోడ దగ్గరికి పోయాడు. చేతులు సగం లేచాయి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగాయి, తువ్వాలు సర్దుకున్నాయి. ఎప్పుడూ ఆ వైపు తల తిప్పని అమ్మ, వడియాల చేటతోనే గోడ దగ్గరికి వచ్చింది.

"నలభై ఒకటేనా?" అంది.

"సరిగ్గా సూడలేదు" అన్నాడు నాయన.

పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఇద్దరూ అవి అయిపోయే దాకా నిలబడ్డారు. నంబరు నేను చూశాను. నన్ను ఎవరూ అడగలేదు.